కనబడకూడని తిమింగలం

కరోనా భయం తగ్గి, మరాఠీవాళ్ల ఊరు భివండీలో మగ్గాలు మళ్లీ మోత పట్టిన ఏడాది అది. కామత్‌ఘర్ సందులో మాది కుట్టు కార్ఖానా. కుట్టు అనగానే జాకెట్లు, లంగాలు అనుకునేరు. మేం కుట్టేవన్నీ పెద్దవి. పెళ్లి మండపాల పైకప్పులు, గణపతి మండళ్ల తెరలు, టెంపోల మీద కప్పే టార్పాలిన్లు. నాలుగు మిషన్లు, నలుగురు ఆడవాళ్లు, వాళ్ల మీద నా నోరు. ఆ నోటి సంగతి సందులో ఎవరిని అడిగినా చెప్తారు.

గుడ్డ మా మేనమామ రాజమల్లు మగ్గాల నుంచి వస్తుంది. సందు అవతలి కొసన ఆయన పవర్‌లూమ్ కార్ఖానా. సిరిసిల్ల దిక్కు నుంచి చిన్నప్పుడే వచ్చి, ఒకరి మగ్గాల మీద పనిచేసి, తర్వాత సొంతంగా పెట్టుకున్నాడు. ఆయనకు తన గుడ్డ మీదున్నంత ప్రేమ మా అత్త మీద ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు. గుడ్డలో ఒక్క పోగు తెగి కనిపిస్తే ఆ పూట అన్నం తినడు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం తెల్ల చొక్కా, తెల్ల మీసాల పెద్దమనిషి ఒకాయన మా గుమ్మంలోకి వచ్చాడు. మండపం డెకరేషన్ వాళ్లు పంపారట. మేం తెలుగువాళ్లమని తెలియగానే ఆయన మొహం విప్పారింది.

"అమ్మా, మీరు తిమింగలం కుట్టగలరా?" అని అడిగాడు.

నాకేం ఆశ్చర్యం కాలేదు. కరోనాకు ముందే ఒక మండలి వాళ్లకు ఏనుగును కుట్టిచ్చాను. "కుడ్త సారూ. ఏ మండలికి? గణపతిని దాని మీద కూసోబెడ్తరా, నోట్లె కూసోబెడ్తరా?" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "గణపతికి కాదమ్మా. ఓడలవాళ్లకి."

కూర్చోబెట్టి చాయ్ ఇస్తే సంగతంతా చెప్పాడు. ఆయనది విశాఖపట్నం. జీవితమంతా సరుకు ఓడలు నడిపి కెప్టెన్‌గా రిటైరయ్యాడు. ఇప్పుడు ఇటువైపే సముద్రం ఒడ్డున ఒక స్కూల్లో కుర్రవాళ్లకు ఓడ నడిపే చదువు చెప్తున్నాడు. సముద్రంలో తిమింగలాలు ఓడల కింద పడి చస్తున్నాయట. ఓడ మీద నిలబడి ముందేముందో చూస్తూ ఉండే పనిని 'లుకౌట్' అంటారు. తిమింగలాన్ని ఎట్లా కనిపెట్టాలో ఆ లుకౌట్ పిల్లలకు నేర్పాలని ఆయన తాపత్రయం. అందుకు అసలంత సైజులో ఒక గుడ్డ తిమింగలం కావాలి. రెండు బస్సులను వెనకా ముందూ నిలబెట్టినంత పొడుగుండాలి, నీళ్లలో తేలాలి, వీపు మాత్రమే కొద్దిగా పైకి రావాలి.

"మా ప్రిన్సిపాల్ గారేమో సిమ్యులేటర్ చాలంటారు" అన్నాడు. సిమ్యులేటర్ అంటే ఒక గది. గోడల మీద సినిమాలాగా సముద్రం కనిపిస్తుంది, లోపల నిలబడి ఉత్తుత్తి ఓడ నడుపుతారు. "ఆ తెర మీద తిమింగలం చక్కగా ఎగిరి దూకుతుందమ్మా. గుడ్డివాడికి కూడా కనబడుతుంది. బతిమాలితే ఒక్క అవకాశం ఇచ్చారు. వానలకు ముందు ఒక సోమవారం ఆయనే పిల్లల్ని తీసుకుని లాంచీలో వస్తారట. దాంట్లో పస ఉందనిపిస్తే నా క్లాసు ఉంటుంది. లేదంటే ఎత్తేస్తారు."

"ఎత్తేస్తే మీకేమైతది సారూ?"

"నాకేమవుతుంది? ఇంటికెళ్లి పేపరు చదువుకుంటాను. ఈ పిల్లలు మాత్రం రేపు ఏమీ తెలీకుండానే ఓడలెక్కుతారు."

ఆయన చెప్పిన తీరుకు నాకు ఊపు వచ్చేసింది. మామకు చెప్తే ఆయనకు నాకంటే ఎక్కువ ఊపు వచ్చింది. "బిడ్డా, ఓడలోళ్లు మన గుడ్డ అడుగుతున్రంటే మాటలా?" అని మగ్గాల మీదున్న పని దింపి మరీ మాది ఎక్కించాడు. మెరిసే నీలం గుడ్డ నేశాడు. పొట్టకు తెల్లటి సాటిన్ వేశాం. కండ్లు పెట్టాం. కండ్లకు రెప్పలు పెట్టాం. మా మిషన్ల దగ్గరి సునీత మురిసిపోయి పెదాలకు ఎర్ర పైపింగ్ కూడా కుట్టింది. తిమింగలం నవ్వుతున్నట్టు వచ్చింది. సందులోని ఆడవాళ్లంతా వచ్చి చూసి దిష్టి తీయమన్నారు.

కెప్టెన్ గారు వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. తోక దగ్గర ఆగాడు. మళ్లీ మొహం దగ్గరికి వచ్చాడు.

"బాగుందమ్మా. చాలా చాలా బాగుంది. అదే ఇబ్బంది."

"ఏంది సారూ ఇబ్బంది?" అన్నాడు మామ.

"కనబడుతోంది."

మామ మొహం చూడాలి! "కనబడక? నా గుడ్డ కనబడకపోతె ఇంకెవని గుడ్డ కనబడ్తది? నీలం రంగు మీద ఈగ వాలినా తెలుస్తది సారూ!"

"అది కాదండి రాజమల్లు గారూ. అసలు తిమింగలం కనబడదు. కనబడకపోవడమే మా బాధ." ఆయన ఒక మిషన్ పక్కన స్టూలు మీద కూర్చుని ఓపికగా చెప్పాడు. సముద్రం నీలంగా ఉండేది క్యాలెండర్లలోనేనట. ఓడ మీంచి చూస్తే సీసం రంగులో, మసకగా ఉంటుంది. అంత పెద్ద ప్రాణి వీపులో చాప వెడల్పు మాత్రమే పైకి తేలుతుంది. ఊపిరి వదిలితే ఆవిరి లేస్తుంది, అదీ కాసేపే. ఓడ చూస్తే మన సందంత పొడుగు. పక్కకు తిప్పుదామంటే వెంటనే తిరగదు, ఆపుదామంటే ఆగదు. అందుకే దూరం నుంచే కనిపెట్టి వేగం తగ్గించాలి, లేదా చుట్టూ తిరిగి పోవాలి.

"గంత పెద్ద చేప, పక్కకు జరగొచ్చు గదా?" అన్నాడు మామ.

"చేప కాదండి. పిల్లకు పాలిచ్చే ప్రాణి. పిల్లతో ఉంటే పైపైనే, మెల్లగా పోతుంది. దానికి మన ఓడ సంగతి ఏం తెలుసు?"

పాలిచ్చేది అనగానే మామ గొంతు తగ్గింది. ఒక నిమిషం నవ్వుతున్న తిమింగలం వైపు చూసి, "అయితె ఎవ్వనికీ కనబడని గుడ్డ నెయ్యాలె" అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి ఎంత కష్టం మీద వచ్చిందో నాకు తెలుసు.

చెప్పినంత సులువు కాలేదు. మా బతుకంతా కొట్టొచ్చినట్టు కనబడే సరుకు చేయడమే. నాసిగా చేయమంటే చేతులు ఒప్పుకోవు. మామ మసక గుడ్డ అని తెచ్చిన మొదటి నమూనా కూడా నిగనిగలాడుతూనే ఉంది. చివరికి ఆయన కార్ఖానాలో ఓదెలు అని ఒక పనివాడు గుర్తొచ్చాడు. ఓదెలు నేస్తే ఒక చోట పలచన, ఒక చోట మందం, మధ్యలో ముడులు. మామ రోజూ అతన్ని తిట్టి పోసేవాడు. ఆ రోజు పిలిచి, "ఓదెలూ, ఈ గుడ్డ నువ్వే నెయ్యాలె. నీకు ఎట్ల వస్తె గట్లనే నెయ్యి" అన్నాడు.

ఓదెలు బిత్తరపోయాడు. "నన్ను పనిలకెల్లి తీసేస్తున్నవా సేటూ?"

"తీసేస్త లేను రా, నీ చేతి పనే కావాలంటున్న!"

"ఇన్నేండ్లకు నా పని నీకు సమజైంది" అన్నాడు ఓదెలు. ఆ ఆర్డరు ఉన్నన్ని రోజులూ కార్ఖానాలో ఛాతీ విరుచుకుని తిరిగాడు.

రంగు వేసే ఆయన దగ్గర ఇంకో గొడవ. బురద రంగు, అదీ మచ్చలు మచ్చలుగా పడాలంటే ఆయన మా వైపు అనుమానంగా చూశాడు. "మచ్చలు పడ్డయని మొన్ననే నా సరుకు వాపస్ పంపితివి గదా రాజమల్లన్నా?" అన్నాడు. "గప్పుడు వద్దంటి, ఇప్పుడు కావాల్నంటున్న, వెయ్యవయ్యా" అని మామ కసిరాడు. మచ్చలు అద్భుతంగా పడ్డాయి. నవ్వే తిమింగలాన్ని ఒక గణపతి మండలి వాళ్లు వచ్చి ఎగరేసుకుపోయారు. మేం రెండోదాన్ని కుట్టడం మొదలుపెట్టాం.

లోపల సంచులు కుట్టి, వాటిలో లారీ ట్యూబులు పెట్టి గాలి నింపాలని నా ఉపాయం. నీళ్లు గుడ్డలోకి పోయినా ట్యూబులు మునగనివ్వవు. కుట్టడం అయ్యాక ఒకసారి నింపి చూడాలి కదా. మా కార్ఖానాలో అంత చోటు ఎక్కడిది? శుక్రవారం మగ్గాలకు సెలవు, సందు ఖాళీగా ఉంటుంది. ఆ రోజు పంక్చర్ షాపు నుంచి గాలి మిషన్ తెచ్చి, తిమింగలాన్ని సందులో పొడుగ్గా పరిచి గాలి కొట్టాం. తల మా గుమ్మం దగ్గర, తోక కిరాణా కొట్టు దగ్గర. కెప్టెన్ గారు కూడా వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. షేరింగ్ ఆటోల వాళ్లు వచ్చి తిట్టి, చూసి, నవ్వి, ఫోటోలు తీసుకుని వెనక్కి పోతున్నారు.

అంతలో మలుపు తిరిగి శంకర్ టెంపో వచ్చింది. శంకర్ మా సరుకు మోసే మనిషి. నలభై ఏళ్లుంటాయి, చేతిని హారన్ మీద పెట్టి పుట్టాడేమో అనిపిస్తుంది. మలుపు నుంచే మోత మొదలుపెట్టాడు. మేం అరుస్తూనే ఉన్నాం. ఆ మోతలో మా అరుపులు ఎక్కడ వినిపిస్తాయి? టెంపో తోక పక్కనుంచి దూసుకొచ్చి తిమింగలం డొక్కలో గుద్దింది. రెండు ట్యూబులు ఢాం ఢాం అని పేలాయి. సునీత కెవ్వుమంది. కిరాణా కొట్టు ముసలాయన షట్టరు దించేశాడు.

"నీ కండ్లు ఏడ వెట్టినవ్ రా!" అని నేను చెప్పులు లేకుండానే ఉరికాను.

శంకర్ కిందికి దిగి నా మీదికే వచ్చాడు. "నా తప్పేంది అక్కా? హారన్ కొట్టిన గదా! మలుపు కాడికెల్లి కొట్టుకుంటనే వచ్చిన! అది పక్కకు జరగకపోతె నేనేం జెయ్యాలె?"

"అది జరగడానికి దానికి కాళ్లున్నయా?"

"గంత పెద్దది రోడ్డు నడుమల ఎందుకున్నది మరి? బురద లెక్కనే ఉన్నది. నాకు ముందుగాల కనబడనే లేదు!"

కెప్టెన్ గారి వైపు నుంచి ఏదో చప్పుడు వస్తే తిరిగి చూశాను. ఆయన మా గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. కండ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. "అమ్మా, ఇతన్ని ఏమీ అనకండి. సరిగ్గా ఇవే మాటలు! పెద్ద పెద్ద కెప్టెన్లు ఇవే మాటలంటారు. నేను నా దారిన పోతున్నాను, అది తప్పుకోలేదు, ముందు కనబడలేదు. శంకర్ గారూ, మీరు మా స్కూలుకి వచ్చి ఒక క్లాసు చెప్పాలండి."

శంకర్‌కు అది తిట్టో పొగడ్తో తెలియలేదు. టెంపోను వెనక్కి తీయమంటే మామ వెనక నిలబడి చేయి ఊపుతూ, ఇక్కడి మరాఠీ మాట అందుకుని "హళూ, హళూ" అన్నాడు. అంటే మెల్లగా, మెల్లగా అని. శంకర్ ఆయన చేతినే చూస్తూ, అంగుళం అంగుళం జరుపుతూ, తోకకు తగలకుండా తీశాడు. కెప్టెన్ గారు నవ్వు ఆపి చూస్తున్నాడు. "ఇంతేనమ్మా మేం అడిగేది. ముందు చూసే ఒక మనిషి, మెల్లగా పోయే ఒక ఓడ. ఇది చెప్పడానికి నేను ముప్పై పేజీల నోట్సు రాశాను" అన్నాడు.

శనివారం, ఆదివారం కూర్చుని డొక్క బాగుచేశాం. సోమవారం అదే శంకర్ టెంపోలో తిమింగలాన్ని మడిచి వేసుకుని, నేనూ మామా ఎక్కి సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఆ స్కూలుకు పోయాం. దారంతా శంకర్ ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు. భయమేసి నేనే కొట్టమన్నాను.

కెప్టెన్ గారు పడవవాళ్లతో తిమింగలాన్ని పాయలో ఒక చోటికి లాగించి, సన్న తాళ్లతో లంగరు వేయించాడు. లాంచీ నడిపే సరంగుకు ఒక్క మాటే చెప్పాడు, ఏదైనా తగిలినట్టు అనిపిస్తే వెంటనే ఇంజన్ ఆపెయ్యమని. ఎక్కడుందో అతనికి కూడా చెప్పలేదు. ప్రిన్సిపాల్ గారు టోపీ పెట్టుకుని, మెడలో బైనాక్యులర్ వేసుకుని, పిల్లల్ని వెంటేసుకుని లాంచీ ఎక్కాడు. కెప్టెన్ గారు మాతోపాటు గట్టు మీదే ఉండిపోయాడు.

మామ గట్టు అంచుకు పోయి చేయి అడ్డం పెట్టుకుని చూశాడు. "పోరీ, మన గుడ్డ ఏది?" అన్నాడు. ఎక్కడుందో తెలిసిన నాకే కాసేపటికి గానీ చిక్కలేదు. బురద నీళ్లలో బురద రంగు. చిన్న అల వస్తే పోతుంది, తగ్గితే మళ్లీ చాపంత వీపు.

లాంచీ ఒక చుట్టు తిరిగింది. ప్రిన్సిపాల్ గారు బైనాక్యులర్‌తో దూరం దూరం చూస్తున్నాడు. పిల్లలు కూడా ఆయన చూసిన దిక్కే చూస్తున్నారు. రెండో చుట్టులో లాంచీ ముక్కు నేరుగా మా తిమింగలం వైపు తిరిగింది. ఎన్ని రోజుల పని అది! నా ఆడవాళ్ల వేళ్లకు ఎన్ని సూదులు దిగాయి! "ఓ సారూ! ముందుగాల చూడుండ్రి! ఓ టోపీ సారూ!" అని ఇంకా గట్టిగా అరవబోతుంటే కెప్టెన్ గారు నా చేయి పట్టుకున్నాడు.

"అరవకండమ్మా. సముద్రంలో దాని తరఫున అరిచేవాళ్లెవరూ ఉండరు."

నా నోరు దానంతట అదే మూతపడింది. మా సందులో ఎవరూ నమ్మరు గానీ నిజంగా మూతపడింది. లాంచీ పోతూనే ఉంది. తాళ్లు తెగాయి. చాపంత వీపు ఒకసారి లేచి మాయమైంది. నాకు ఏడుపొచ్చింది. మామ మాత్రం నా భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు. "కనబడలే! పోరీ, వాండ్లకు కనబడలే! ఓదెలుగాని గుడ్డ కనబడలే!" ఆయన కండ్లలోనూ నీళ్లే. తన గుడ్డ ఎవరి కంటా పడలేదని మురిసిపోయిన మగ్గం సేటును భివండీలో నేను ఆ ఒక్కణ్నే చూశాను.

సరంగు ఇంజన్ ఆపి, ఆ ఊపు మీదే లాంచీని మెల్లగా గట్టుకు చేర్చాడు. ప్రిన్సిపాల్ గారు దిగకముందే కోపంగా హిందీలో అడిగాడు. "ఏం కెప్టెన్, తిమింగలం ఎక్కడ? పొద్దున్నుంచీ తిప్పుతున్నారు. అసలు నీళ్లలో వేశారా, లేదా?"

కెప్టెన్ గారు లాంచీ ముక్కు వైపు చేయి చూపించాడంతే.

ప్రిన్సిపాల్ గారు ముందుకు వంగి చూశాడు. మా తిమింగలం డొక్క పూర్తిగా చీలిపోయి, లాంచీ ముక్కుకు అడ్డంగా వేలాడుతోంది. తోక నీళ్లలో ఈడ్చుకుంటోంది. పిల్లలు ఒకరి వెనక ఒకరు వంగి చూశారు. ప్రిన్సిపాల్ గారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "నాకు కుదుపు కూడా తెలియలేదు" అన్నాడు. ఆ తర్వాత పిల్లల వైపు తిరిగి, "దీన్ని కుట్టించుకుని మళ్లీ వద్దాం. ఈసారి కెప్టెన్ మనతో ఉంటారు" అన్నాడు.

క్లాసు నిలబడింది. మామ ఎగిరి గంతేశాడు. కానీ కెప్టెన్ గారు మొహం పక్కకు తిప్పుకున్నాడు. తిరుగు దారిలో మా టెంపోలోనే కొంత దూరం వచ్చాడు. ఎందుకట్లా ఉన్నారని మామ అడిగితే అప్పుడు చెప్పాడు. ఆయన కుర్ర ఆఫీసరుగా ఉన్నప్పుడు వాళ్ల ఓడ ఒక రేవులోకి వచ్చింది. గట్టు మీద జనం వేళ్లు చూపిస్తుంటే వీళ్లకు అర్థం కాలేదు. దిగి చూస్తే ఓడ ముక్కు మీద ఒక తిమింగలం. ఎప్పుడు గుద్దారో, ఏ చోట గుద్దారో ఓడలో ఒక్కరికీ తెలియదు.

"పానం ఉండెనా సారూ?" అని మామ అడిగాడు.

"లేదండి."

శంకర్ వేగం తగ్గించాడు. ముందు రోడ్డంతా ఖాళీగానే ఉంది.

ఇక మా వంతు. ప్రతి బ్యాచ్ పిల్లల పరీక్ష అయ్యాక తిమింగలం చిరిగి మా సందుకు వచ్చేది. నేను తిట్టుకుంటూ అతుకులు వేసి పంపేదాన్ని. మొదట్లో ఒక్కోసారి మూడు నాలుగు చీలికలు. "మీ పోరగాండ్లకు కండ్లున్నయా సారూ?" అని ఫోన్లో కెప్టెన్ గారిని దులిపేసేదాన్ని. "వస్తున్నాయమ్మా, మెల్లమెల్లగా వస్తున్నాయి" అనేవాడు. తర్వాత తర్వాత చీలికలు తగ్గాయి. ఒకసారి రెండు, ఒకసారి ఒకటి.

పోయిన చలికాలం తిమింగలం మళ్లీ వచ్చింది. శుక్రవారం నాడు సందులో పరిపించి, సూది దారం పట్టుకుని తల నుంచి మొదలుపెట్టాను. వీపు చూశాను, డొక్క చూశాను, తోక దాకా ప్రతి కుట్టునూ వేళ్లతో తడిమాను. నా పాత అతుకులు తప్ప ఏమీ లేవు. దొరకలేదని మళ్లీ తోక నుంచి తల దాకా చూశాను. సునీతనూ చూడమన్నాను. ఫోన్ చేసి కేకలేశాను.

"ఏంది సారూ ఇది? ఒక్క చీలిక లేదు. పనే లేని దాన్ని ఇంత దూరం ఎందుకు పంపిన్రు?"

"పని లేదనే పంపానమ్మా" అన్నాడు కెప్టెన్ గారు. "మీరూ ఒకసారి చూస్తారని."

చినిగింది వస్తేనే నా మిషన్ తిరుగుతుంది, నా ఆడవాళ్ల పొయ్యి వెలుగుతుంది. ఇన్నేళ్లలో చినగని గుడ్డ కోసం నేను సంతోషపడింది లేదు. ఆ రోజు చేతిలో దారం ఎక్కించిన సూది అట్లాగే ఉండగా, మచ్చల మచ్చల ఆ బురద వీపు మీద కూర్చుని నలుగురూ చూస్తుండగా ఏడ్చాను. పని దొరకలేదని సంతోషపడటం కూడా ఉంటుందని నా పనిలో నేను నేర్చుకున్నది ఆ ఒక్కనాడే.